పది నిమిషాల పాట

సంగీతం అభ్యసించే విద్యార్థికి కచేరీ కంటె ముందుగా ఎదురయ్యే పరీక్ష ఒకటున్నది. అక్కడ ప్రేక్షకులు ఉండరు. చప్పట్లు ఉండవు. ఒక గది, నేలపై పరచిన జంబుఖానా, ఒక మూల శ్రుతిపెట్టె, ఎదుట ఇద్దరు ముగ్గురు విద్వాంసులు, వారి చేతిలో అభ్యర్థుల పేర్ల పట్టిక. పేరు పిలిచినది మొదలు చాలునని చెప్పేవరకు గడిచే కాలం తరచుగా పది పదిహేను నిమిషాలకు మించదు. ఐదారేళ్ల అభ్యాసం ఆ కొద్ది వ్యవధిలో వినిపించాలి. దీనినే అందరూ ఆడిషన్ అంటున్నారు. స్వరపరీక్ష అనీ, గానపరీక్ష అనీ వ్యవహరించడం కూడా ఉన్నది. సంగీత విద్యకు ఉపకారవేతనం కోరేవారైనా, ఆకాశవాణిలో పాడదలచినవారైనా ఈ ద్వారం గుండానే లోపలికి పోవాలి.

ఈ పరీక్షను గురించి విద్యార్థులలో ఒక అపోహ బలంగా పాతుకొని ఉన్నది. ఎంత కఠినమైన కృతి పాడితే అంత ఎక్కువ మార్కులు వస్తాయనీ, ఎంత వేగంగా స్వరాలు కురిపిస్తే అంత మెప్పు లభిస్తుందనీ వారు భావిస్తారు. పరీక్షకులు వెదికేది అది కాదు. వారి ఎదుట కూర్చున్నది ఇంకా నేర్చుకొంటున్న విద్యార్థి అని వారికి తెలుసు. ఈ విద్యార్థికి పునాది గట్టిగా ఉన్నదా, మరి రెండేళ్లు శిక్షణ ఇప్పిస్తే ఎదుగుతాడా అన్నదే వారి ప్రశ్న. సన్నాహమంతా ఆ ప్రశ్నను దృష్టిలో ఉంచుకొని సాగాలి.

ఉపకారవేతనమంటే ఎంతటి సహాయమో ముందుగా తెలిసికోవడం మంచిది. కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక మంత్రిత్వ శాఖ వివిధ కళారంగాలలోని యువ కళాకారులకు ఉపకారవేతనాలు ఇచ్చే పథకమొకటి నడుపుతున్నది. 18 నుండి 25 ఏళ్ల లోపు వయస్సు గలవారు దీనికి అర్హులు. గురువు వద్దనో, సంస్థలోనో కనీసం ఐదేళ్లు శిక్షణ పొంది ఉండాలి. ఎంపికైనవారికి నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లపాటు అందుతుంది. అంటే మొత్తం 1,20,000 రూపాయలు. సంగీతం, నృత్యం, నాటకం, చిత్రకళ, జానపద కళలు అన్నీ కలిపి దేశం మొత్తానికి ఇచ్చే వేతనాలు 400. అంతకంటె చిన్నవారికి, అనగా 10 నుండి 14 ఏళ్ల వయస్సులోని బాలబాలికలకు, సాంస్కృతిక ప్రతిభాన్వేషణ పథకం వేరుగా ఉన్నది. దానిని సి.సి.ఆర్.టి. అని పిలిచే సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం నిర్వహిస్తున్నది. ఆ కేంద్రానికి హైదరాబాదులో ప్రాంతీయ కార్యాలయం ఉన్నది. ఇంటర్మీడియట్ చదివే విద్యార్థి ఈ రెండు పథకాలకు నడుమ నిలిచి ఉంటాడు. మొదటిదానికి వయస్సు ఒకటి రెండేళ్లు తక్కువ, రెండవదానికి ఎక్కువ. ఆ ఒకటి రెండేళ్లు వృథా కాలం కాదు. సన్నాహానికి దొరికిన గడువు అదే.

నెలకు ఐదువేలు కొందరికి స్వల్పంగా కనిపించవచ్చు. వారానికి రెండుసార్లు పట్టణానికి బస్సులో వెళ్లి పాఠం చెప్పించుకొని వచ్చే పల్లెటూరి విద్యార్థికి అది స్వల్పం కాదు. ఇంటర్ పూర్తికాగానే ఇంజనీరింగు, వైద్యం, లేకుంటే ఏదో ఒక ఉద్యోగం అనే మాట ఇంట్లో వినిపిస్తుంది. సంగీతం సాయంకాలపు సరదాగా మిగిలిపోతుంది. ఆ సమయంలో ప్రభుత్వం తరఫున వచ్చిన ఒక ఉత్తరం తల్లిదండ్రుల ఆలోచనను మార్చగలదు. డబ్బుకంటె కూడా, తమ బిడ్డకు నిజంగా విద్య అబ్బినదని తెలిసినవారు చెప్పిన మాట వారికి ధైర్యం ఇస్తుంది.

ఇటువంటి ఆధారం లేని కాలంలో సంగీతం నేర్చుకొన్నవారి కష్టాలు తెలుగువారికి తెలియనివి కావు. ఘంటసాల వేంకటేశ్వరరావు (1922–1974) యౌవనారంభంలో సంగీతం నేర్వాలన్న కోరికతో విజయనగరం చేరాడు. చేతిలో ధనం లేదు. జోలె పట్టి ఇంటింటికీ తిరిగి అన్నం అడిగి తెచ్చుకొన్నాడు. దీనినే మధుకరం అంటారు. తేనెటీగ పువ్వు పువ్వున తేనె కూర్చుకొన్నట్లు విద్యార్థి ఇల్లిల్లు తిరిగి ఆహారం సమకూర్చుకోవడమన్నమాట. పట్రాయని సీతారామశాస్త్రి ఆయనకు ఆశ్రయమిచ్చి విద్య చెప్పారు. అంతటి గాయకుడి చదువు ఒక గురువు దయమీద, ఒక ఊరి గృహిణుల ఔదార్యంమీద ఆధారపడవలసి వచ్చినది. దయ దొరకని గొంతులు ఎన్ని మూగవోయాయో లెక్క లేదు.

ఆ విజయనగరంలోనే 1919లో మహారాజా వారి సంగీత కళాశాల ఏర్పడినది. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు. ద్వారం వేంకటస్వామినాయుడు అక్కడ విద్యార్థిగా చేరదలచి వెళ్లగా, ఆయన వయొలిన్ వాదనం విన్నవారు ఆయనను విద్యార్థిగా కాక ఆచార్యునిగా నియమించారని ప్రసిద్ధి. 1893లో జన్మించిన ఆయనకు అప్పటికి సుమారు ఇరవైయారేళ్లు. 1936లో ఆయనే ఆ కళాశాలకు అధ్యక్షులయ్యారు. ఇటువంటి అదృష్టం అందరికీ పడుతుందని కాదు. అయితే ఈ వృత్తాంతంలో గమనింపదగినది మరొకటి ఉన్నది. వినడం తెలిసిన చెవికి ఎదుటివాని విద్య ఎంతటిదో గ్రహించడానికి ఎక్కువసేపు పట్టదు. పది నిమిషాలు చాలా తక్కువని బాధపడే విద్యార్థులు ఈ సంగతి గుర్తించాలి. పది నిమిషాలు చాలా ఎక్కువే. దాచదలచిన లోపం దాగడానికి వీలులేనంత ఎక్కువ.

ఆ చెవి మొట్టమొదట పట్టుకొనేది శ్రుతి. సంగీతజ్ఞులు శ్రుతిని తల్లితో, లయను తండ్రితో పోల్చడం పరిపాటి. విద్యార్థి నోరు తెరచి పాడే మొదటి షడ్జమం తంబురా నాదంలో కలిసి మాయమైతే పరీక్షకుడు తల ఎత్తి చూస్తాడు. వెంట్రుకవాసి పైకో కిందికో జరిగితే ఆపైన ఎన్ని సంగతులు పలికినా ఆ మచ్చ పోదు. కనుక ముందుగా తన గొంతుకు తగిన శ్రుతి ఏదో విద్యార్థికి స్పష్టంగా తెలిసి ఉండాలి. సాధారణంగా పురుషులు ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతులలోనూ, స్త్రీలు ఐదు, ఐదున్నర శ్రుతులలోనూ పాడుతారు. ఇది నియమం కాదు. మంద్రస్థాయి పంచమం నుండి తారస్థాయి పంచమం వరకు గొంతు బిగబట్టకుండా సంచరించగలిగినదే సరియైన శ్రుతి. మగపిల్లలకు పదమూడు మొదలు పదహారేళ్ల నడుమ గొంతు మారుతుంది. మారిన తరువాత కూడా చిన్ననాటి శ్రుతినే పట్టుకొని వేలాడేవారు కొందరున్నారు. పైస్థాయిలో కేక, కిందిస్థాయిలో గాలి తప్ప ఏమీ మిగలదు. గురువుతో సంప్రదించి శ్రుతిని కొత్తగా నిర్ణయించుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

శ్రుతిశుద్ధికి దగ్గరదారి లేదు. తెల్లవారుజామున తంబురా పెట్టుకొని మంద్రస్థాయిలో ఒక్కొక్క స్వరాన్ని అకారంతో నిలిపి పాడడమే మార్గం. ఈ రోజులలో ఎలక్ట్రానిక్ తంబురా చేతి ఫోనులో కూడా దొరుకుతున్నది. చిన్న ఫోను నుండి వచ్చే నాదంలో మంద్ర షడ్జమపు గంభీరత సరిగా వినిపించదు కనుక దానిని ఒక మంచి స్పీకరుకు కలుపుకోవడం మేలు. ఆ తరువాత సరళీ, జంట, అలంకారాలు మూడు కాలాలలో పాడాలి. పురందరదాసు మాయామాళవగౌళ రాగంలో కూర్చినవిగా చెప్పే ఈ ప్రాథమిక పాఠాలను పెద్ద కృతులు వచ్చిన విద్యార్థి చిన్నచూపు చూస్తాడు. పరీక్షకులు మాత్రం అటువంటి చిన్నచూపు చూడరు. ఏదైనా జంటవరుసను మూడవ కాలంలో పాడుమని అడిగితే తడబడేవారు ఎందరో.

ఇక ఏమి పాడాలన్నది పెద్ద సమస్య. పరీక్షకు మూడు నెలల ముందు కొత్త కృతి నేర్చుకోవడం వివేకం కాదు. కృతి నోటికి రావడం వేరు, గొంతులో స్థిరపడడం వేరు. కనీసం ఏడాదిపాటు పాడుతున్నవాటిలో నుండి నాలుగైదు ఎంచుకోవాలి. ఒక వర్ణం, భిన్నమైన రాగాలలో మూడు కృతులు ఉంటే చాలు. అన్నీ మధ్యమకాలంలో పరుగెత్తేవి కాకూడదు. ఒకటైనా విలంబంగా నడిచేది ఉండాలి. నెమ్మదిగా నడిచే పాటలోనే గమకం బయటపడుతుంది. ఒకే వాగ్గేయకారుని కృతులు కాక త్యాగరాజు, ముత్తుస్వామి దీక్షితులు, శ్యామశాస్త్రి రచనలలో రెండు రీతులైనా వినిపించడం ఉచితం. వాటిలో ఒకటి విద్యార్థి మనస్సుకు నిజంగా ఇష్టమైనది కావాలి. ఇష్టం లేని పాట ఎంత తప్పులు లేకుండా పాడినా ఇంటిపాఠం అప్పగించినట్లే ఉంటుంది.

వర్ణం విషయంలో మరికొంత చెప్పవలసి ఉన్నది. వర్ణంలో రాగలక్షణమంతా కుదించి ఉంటుంది కనుక పరీక్షకులకు అది ఎంతో అనుకూలమైన సాధనం. పచ్చిమిరియం ఆదియప్పయ్య రచించిన భైరవి రాగ అటతాళ వర్ణం చాలామంది అభ్యర్థులు ఎంచుకొంటారు. పదునాలుగు అక్షరాల అటతాళాన్ని చేతితో తప్పకుండా వేస్తూ, మొదట నిదానంగానూ, తరువాత రెట్టింపు వేగంతోనూ దానిని నడపగలిగితే విద్యార్థి శక్తి తెలిసిపోతుంది. కాని భైరవి రాగంలో రెండు విధాల ధైవతం వస్తుంది. ఆరోహణంలో చతుశ్శ్రుతి ధైవతం, అవరోహణంలో శుద్ధ ధైవతం. ఈ సున్నితం పట్టుబడని విద్యార్థి దానికి బదులు ఆభోగిలోనో, మోహనలోనో ఆదితాళ వర్ణం శుభ్రంగా పాడడం ఎంతో మేలు. సులభమైన దానిని శుద్ధంగా పాడినవాని పక్కన కష్టమైనదానిని కలగాపులగంగా పాడినవాడు నిలువలేడు. ఈ మాట గురువులు ఎన్నిసార్లు చెప్పినా విద్యార్థులు నమ్మరు. తోటివాడు అటతాళ వర్ణం పాడుతున్నాడని తెలియగానే వారి నిర్ణయం మారిపోతుంది.

తెలుగు విద్యార్థికి ఈ రంగంలో పుట్టుకతో వచ్చిన ఆస్తి ఒకటున్నది. త్యాగరాజ కృతులలో అత్యధిక భాగం తెలుగులోనే ఉన్నవి. వర్ణాలు, పదాలు, జావళులు కూడా ఎక్కువగా తెలుగే. తమిళ, కన్నడ, మలయాళ ప్రాంతాల విద్యార్థులు అర్థం అడిగి తెలిసికొని, ఉచ్చారణ శ్రమపడి నేర్చుకొనే సాహిత్యం తెలుగువానికి ఇంటి భాష. అయినా ఆ ఆస్తిని అనుభవించేవారు తక్కువ. ఊపిరి అందక ‘సీతాపతి’ అన్న పదాన్ని ‘సీ’ దగ్గర విరిచి, ఆగి, ‘తాపతి’ అని అందుకొంటే అర్థం ఏమి కావాలి? ఒత్తులు పలకకపోవడం, శ, ష, స లను ఒకటిగా కలిపివేయడం, దీర్ఘం ఉన్నచోట హ్రస్వం పాడడం కూడా వినేవారి చెవికి ముల్లువలె తగులుతాయి. దీనికి మంచి ఉపాయం ఉన్నది. కృతిని ముందు రాగం లేకుండా వచనం చదివినట్లు చదవాలి. పదాలు విడదీసి, క్రియ ఎక్కడున్నదో, ఎవరు ఎవరితో అంటున్నారో గుర్తించాలి. నింద, వేడుకోలు, ఆశ్చర్యం, పరిహాసం వీటిలో ఏ భావంతో ఆ మాట పుట్టినదో తెలియాలి. ఆ తరువాత ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పెన్సిలుతో గీత గీసుకోవాలి. భాషా తరగతిలో నేర్చిన సంధులు, సమాసాలు ఇంతగా పనికివచ్చే చోటు మరొకటి లేదు. పాడిన కృతికి తాత్పర్యం చెప్పుమని పరీక్షకులు అడగవచ్చు. తెలుగు పేరు గల అభ్యర్థి ఆ ప్రశ్నకు తెల్లమొహం వేస్తే గదిలో ఒక క్షణం నిశ్శబ్దం ఆవరిస్తుంది.

నేర్చినది ఒప్పజెప్పడం ఒక ఎత్తు. సొంతంగా కల్పించి పాడడం మరొక ఎత్తు. దీనినే మనోధర్మ సంగీతమంటారు. రాగాలాపన, కల్పనస్వరాలు, నెరవు ఇందులోనివి. పద్దెనిమిదేళ్ల విద్యార్థి నుండి అరగంట ఆలాపన ఎవరూ ఆశించరు. రెండు నిమిషాలలో కల్యాణి కల్యాణిగా వినిపించాలని మాత్రం ఆశిస్తారు. తరచుగా కనిపించే పొరపాటు ఏమిటంటే, అభ్యర్థి షడ్జమం దగ్గర కూర్చొని ఒక నిమిషం గడిపివేస్తాడు. రాగమేదో తెలిసేలోగా గంట మోగుతుంది. మొదటి పలుకులోనే రాగస్వరూపం తెలియాలి. గాంధారం మీదనో, ప్రతిమధ్యమం తాకే పలుకు మీదనో ప్రారంభించి, మధ్యస్థాయిలో కొంత విస్తరించి, తార షడ్జమం అందుకొని, ఒక వంపుతో కిందికి దిగి ముగించవచ్చు. గురువు చెప్పిన ఆలాపనను అక్షరం పొల్లుపోకుండా కంఠస్థం చేసి వచ్చేవారు కూడా ఉంటారు. అనుభవజ్ఞులు దానిని వెంటనే గుర్తుపడతారు. ‘ఇప్పుడు ధైవతం నుండి మొదలుపెట్టు’ అని ఒక్క మాట అంటే ఆ కోట కూలిపోతుంది. అందుచేత ఇంటివద్ద సాధనలో ఒకే రాగాన్ని రోజుకొక స్వరం నుండి ప్రారంభించి పాడే అలవాటు చేసికోవాలి.

కల్పనస్వరాలలో చిక్కు అంతా తాళంలో ఉంటుంది. ఎనిమిది అక్షరాల ఆదితాళంలో పల్లవి తాళంతోపాటే మొదలయ్యే కృతి అయితే ఎత్తుగడ సులభం. తాళం మొదలైన అర అక్షరం తరువాతనో, ఒకటిన్నర అక్షరం తరువాతనో మొదలయ్యే కృతికి స్వరాలు పాడి సరిగా ఆ చోటికే వచ్చి అందుకోవడం అభ్యాసంతోనే సాధ్యం. ముందే లెక్క కట్టి బట్టీపట్టిన ముక్తాయింపు ఒకటి చేతిలో ఉంచుకోవచ్చు. అది తప్పు కాదు. చిన్న చిన్న ఆవర్తాలలో సర్వలఘువుగా హాయిగా పాడినది మాత్రం దానికంటె ఎక్కువ మెప్పిస్తుంది. తాళం వేసే చేయి తొడపై గట్టిగా చరచరాదు. చేయి మాత్రమే కదలాలి, భుజం కాదు.

పాట తరువాత ప్రశ్నలుంటాయి. శాస్త్రం తెలిసికొన్నవాడు ఇక్కడ నిలదొక్కుకొంటాడు. ఏడు తాళాలు, ఐదు జాతులు కలిసి ముప్పైఐదు తాళాలు ఎట్లా అవుతాయి, జన్య రాగమంటే ఏమిటి, పాడిన రాగం ఏ మేళకర్తకు చెందినది వంటివి అడుగుతారు. 72 మేళకర్తల సంఖ్యలు కంఠస్థం చేయలేక భయపడేవారికి కటపయాది సూత్రం దీపం వంటిది. ఈ సూత్రంలో క, ట, ప, య అక్షరాలు ఒక్కొక్కటి 1 నుండి మొదలై వరుసగా అంకెలను సూచిస్తాయి. రాగం పేరులోని మొదటి రెండు అక్షరాల అంకెలను తీసికొని తిరగవేస్తే మేళకర్త సంఖ్య వస్తుంది. మాయామాళవగౌళలో ‘మా’ అంటే 5, ‘యా’ అంటే 1. ఈ 51ని తిరగవేస్తే 15. అది పదిహేనవ మేళకర్త. మేచకల్యాణిలో ‘మే’కు 5, ‘చ’కు 6. తిరగవేస్తే 65. ధీరశంకరాభరణంలో ‘ధ’కారానికి 9, ‘ర’కారానికి 2. తిరగవేస్తే 29. కల్యాణి, శంకరాభరణం అనే పేర్లకు ముందు మేచ, ధీర అనే అక్షరాలు ఎందుకు చేరాయో దీనితో బోధపడుతుంది. తెలుగు వర్ణమాల తెలిసినవానికి ఇది అరగంట పని.

రాగాలను పోల్చి చెప్పుమనడం కూడా వారికి ఇష్టమైన ప్రశ్నే. ఆరభి, దేవగాంధారి రాగాల ఆరోహణ అవరోహణలు కాగితంపై ఒకటిగానే కనిపిస్తాయి. కాని ఆరభి చురుకుగా, ఎక్కువ ఊపు లేని స్వరాలతో నడుస్తుంది. దేవగాంధారి నిదానంగా, గమకంతో తూగుతుంది. దర్బారుకు, నాయకికి నడుమ కూడా ఇటువంటి తగవే ఉన్నది. ఈ భేదాన్ని మాటలతో వర్ణించబోయి చిక్కుకొనేకంటె రెండు రాగాలలోను ఒక్కొక్క పలుకు పాడి వినిపించడం మంచి సమాధానం. తెలియని ప్రశ్నకు తెలియదని వినయంగా చెప్పడం కూడా సమాధానమే. విద్వాంసుల ఎదుట ఊహాగానం చెల్లదు.

వాద్యం వాయించేవారికి అదనపు జాగ్రత్తలు కొన్ని ఉన్నవి. వయొలిన్‌కు కొత్త తీగలు పరీక్షకు ముందునాడు బిగించరాదు. అవి సాగి కుదురుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. వీణ మెట్లు మైనంలో అమర్చి ఉంటాయి. ఎండవేళ బస్సులో, కిటికీపక్కన పెట్టి దూరప్రయాణం చేస్తే మైనం మెత్తబడి మెట్లు జరిగే ప్రమాదమున్నది. మృదంగం తోలు చలికి ఒక తీరుగా, ఎండకు మరొక తీరుగా ప్రవర్తిస్తుంది కనుక శ్రుతి చేసుకోవడానికి అరగంట ముందుగానే చేరాలి. గాయకునికి వాద్యం తన కంఠమే. చాలినంత నిద్ర, తరచుగా నీరు, గొంతుకు అప్పుడప్పుడు విశ్రాంతి దానికి కావాలి. పరీక్షకు ముందు వారం క్రికెట్ మైదానంలో అరచి వచ్చిన గొంతును మిరియాల కషాయం ఒక్క రాత్రిలో బాగుచేయలేదు. ఆఖరి మూడు రోజులు సాధన తగ్గించాలి. భయంకొద్దీ రోజుకు ఆరు గంటలు పాడి బొంగురుపోయిన కంఠంతో వచ్చేవారిని చూసి పరీక్షకులే జాలిపడతారు.

గదిలో ఒంటరిగా పాడిన పాట నలుగురి ఎదుట అదే విధంగా రాదు. గుండె వేగం పెరుగుతుంది. ఊపిరి పొట్టిదవుతుంది. తెలియకుండానే కాలప్రమాణం పరుగెత్తుతుంది. దీనికి మందు నలుగురి ఎదుట పలుమార్లు పాడడమే. మన ఊళ్లలో శ్రీరామనవమి పందిళ్లు, దేవీ నవరాత్రులు, పుష్య బహుళ పంచమినాడు జరిగే త్యాగరాజ ఆరాధనలు ఇందుకు చక్కని అవకాశాలు. పెద్ద విద్వాంసుని కచేరీకి ముందు పిల్లలకు పది నిమిషాలు ఇచ్చే సంప్రదాయం ఇంకా పలుచోట్ల ఉన్నది. మైకు సరిగా పనిచేయదు. వెనుకవరుసలో ఎవరో మాట్లాడుకొంటూ ఉంటారు. ప్రసాదం పంపిణీ మొదలవుతుంది. ఆ సందడిలో శ్రుతి తప్పకుండా పాడినవానికి నిశ్శబ్దంగా ఉన్న పరీక్ష గది కొత్త భయం పెట్టలేదు. అదీ దొరకనివారు బంధువులను కూర్చోబెట్టుకొని, గడియారం ఎదుట పెట్టి, పూర్తి పరీక్షను వారానికొకసారి నటించవచ్చు. ఫోనులో రికార్డు చేసి మరునాడు వినాలి. వెంటనే వినరాదు. వెంటనే వింటే మన పాట మనకు బాగానే వినిపిస్తుంది.

పరీక్షనాటి సంగతులు ఎక్కువ లేవు. దరఖాస్తు ప్రతి, వయస్సు ధ్రువపత్రం, శిక్షణను గూర్చి గురువు ఇచ్చిన లేఖ ముందునాటి రాత్రే సంచిలో సర్దుకోవాలి. ఆ సంవత్సరపు ప్రకటనలో కోరిన పత్రాలు ఏవో ఒకటికి రెండుసార్లు చదువుకోవాలి. పాడడంలో ప్రతిభ ఉండి, కాగితం లేక వెనుదిరగడం కంటె విచారకరమైనది లేదు. లోపలికి వెళ్లి నమస్కరించి, తన శ్రుతి ఏదో చెప్పి, శ్రుతి పలికిన తరువాత ఒక క్షణం కళ్లు మూసుకొని వినాలి. ఆ ఒక్క క్షణాన్ని తొందరలో చాలామంది పోగొట్టుకొంటారు. నడుమ తాళం తప్పితే ఆగి క్షమాపణ చెప్పరాదు. చేతితో తాళం కొనసాగిస్తూ తరువాతి ఆవర్తం మొదట అందుకోవాలి. తప్పి తేరుకోవడం కూడా విద్యే కనుక పరీక్షకులు దానిని గమనిస్తారు. కృతి సగంలో ‘చాలు’ అంటే నిరుత్సాహపడనవసరం లేదు. వినవలసినది విన్నామని దాని అర్థం. కొన్నిసార్లు మరొక రాగం వినాలన్న కోరిక కూడా అందులో ఉంటుంది.

ఫలితం వెలువడడానికి నెలలు పట్టవచ్చు. ఎంపికైనవారికి వేతనం ఆరునెలలకొక వాయిదాగా వస్తుంది. శిక్షణ సాగుతున్నదని నివేదికలు పంపుతూ ఉండాలి. మొదటి వాయిదాతో సెల్‌ఫోను కొన్నవారు ఉన్నారు, మంచి తంబురా కొన్నవారూ ఉన్నారు. ఎంపిక కానివారికి వయస్సు మించనంతవరకు మరుసటి ఏడు మళ్లీ ప్రయత్నించే అవకాశం ఉంటుంది. ఇరువురూ చేయవలసిన పని ఒకటే. పరీక్ష గది నుండి బయటికి రాగానే, రైలు కోసం వేచి ఉన్నప్పుడే, నోటు పుస్తకం తీసి పరీక్షకులు ఏమి అడిగారో, ఎక్కడ ఆపారో, ఏ స్వరం దగ్గర తల పంకించారో, ఎక్కడ కనుబొమలు ముడిచారో మరచిపోకముందే రాసుకోవాలి. తరువాతి పాఠంనాడు ఆ పుస్తకం గురువుగారి ముందుంటుంది. అవరోహణలో ధైవతం ఎందుకు జారినదో ఆయన అక్కడి నుండి మొదలుపెడతారు.